పొదిగే మిషన్‌కు కొత్త బుద్ధి

హసన్‌పర్తి,
12 సెప్టెంబర్ 2025

ఆడబిడ్డ సుభాషిణికి, మీ వదిన పద్మలత దిగులుగా రాసే ఉత్తరం.

ఫోన్ చేద్దామంటే మీ అడవిలో గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ రాదు. నువ్వేమో కాలు విరగ్గొట్టుకుని, బడిలో సైన్సు పాఠాలు మానుకుని సిమెంటు పట్టీతో కూర్చున్నావు. అందుకని తాడ్వాయి బస్సు నడిపే మన వెంకటయ్య బాబాయి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

నా పొదిగే మిషన్ చచ్చిపోయింది. ఆగస్టులో పిడుగులు పడ్డ రోజు లోపలి బోర్డు పనిచేయడం మానేసింది. బల్బులు మాత్రం మానలేదు. వేడి పెరుగుతూనే పోయింది. పొద్దున తలుపు తీసి చూస్తే గుడ్లన్నీ ఉడికి ఉన్నాయి. అవి నావైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. మా పొదుపు సంఘం ఆడవాళ్లు నన్ను నమ్మి ఇచ్చిన నాటుకోడి గుడ్లు. ఒక్కో గుడ్డు మీద పెన్సిల్‌తో ఎవరి పేరు వాళ్లు రాసి ఇచ్చారు. సంఘంలోని మల్లక్క వచ్చి చూసి, "పోనీ తియ్యి బిడ్డా, నువ్వేం జేస్తవ్" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

కంపెనీ మెకానిక్ వచ్చాడు. చిప్పు పోయిందట, ఆ మోడల్ ఇప్పుడు తయారుచేయడం లేదట. కొత్త మిషన్ కొనమని చెప్పి, చాయ్ తాగి పోయాడు. మీ అన్న దాన్ని అమ్మేద్దామంటున్నాడు. పెట్టె వరకైనా కొంటానని పరకాల నుంచి ఒకాయన అడుగుతున్నాడట. జిరాక్స్ దుకాణం మూసినప్పటి నుంచి ఆయనకు మిషన్ అంటేనే భయం. "మిషన్లు మనకు అచ్చిరావు పద్మా. బ్లౌజులు కుట్టుకో, గంతే" అన్నాడు.

బ్లౌజుల మీద నాకేం కోపం లేదు. కానీ ఈ మిషన్ నేను నా అంతట నేను తలపెట్టిన మొదటి పని. దీన్ని తుక్కు కింద అమ్మితే ఇంకొకటి మొదలుపెట్టే ధైర్యం నాకు రాదు. ఆ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

వేసవిలో వచ్చినప్పుడు నువ్వు ఆ బోర్డు విప్పి, ఏ తీగ ఎక్కడికి పోతుందో గీసుకున్నావు. ఆడబిడ్డ వచ్చి కొంప విప్పుతున్నదని అప్పుడు నిన్ను తిట్టాను. ఆ తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఏదైనా దారి ఉంటే చెప్పు.

నీ జవాబు కోసం బస్సు చప్పుడు వింటూ,
వదిన

*

తాడ్వాయి,
19 సెప్టెంబర్ 2025

మా వదినమ్మకు,

తిట్టు వెనక్కి తీసుకున్నట్టు నీ చేతి రాతతో ఉంది కాబట్టి ఆ కాగితం జాగ్రత్తగా దాచాను. ముందు ముందు పనికొస్తుంది.

ఏడవకు. మెకానిక్ చెప్పింది సగమే నిజం. పోయింది చిప్పు ఒక్కటే అయితే కొత్త చిప్పు మట్టెవాడ కరెంటు సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. అయితే అది ఖాళీ పలక. ఎప్పుడు బల్బు వెలిగించాలో, ఎప్పుడు ఆర్పాలో, గుడ్ల ట్రేలు ఎప్పుడు వాల్చాలో దానికి మనమే రాసి చెప్పాలి. ఆ రాత నేను రాసేశాను. మంచంలో కాలు చాపుకుని కూర్చున్నదానికి వేరే పనేముంది?

ఇక దాన్ని కంప్యూటర్ లోంచి చిప్పులోకి ఎక్కించాలి. అందుకు చిన్న సర్క్యూట్ ఒకటి కావాలి. దాన్ని ప్రోగ్రామర్ అంటారు. బజారులో తయారుగా కూడా దొరుకుతుంది గానీ కొనకు, నువ్వే చెయ్యి. చేసినదానివి నువ్వైతే బాగుచేసుకోవడం కూడా నీకే వస్తుంది. మళ్లీ ఎవరికీ చాయ్ పోయనక్కరలేదు.

అన్నయ్య జిరాక్స్ దుకాణం కంప్యూటర్ అటక మీది నుంచి దించు. దాని వెనక పాత ప్రింటర్ తగిలించే వెడల్పాటి సాకెట్ ఉంటుంది. ఈ కాలం కంప్యూటర్లకు అది లేదు, అందుకే మనకు ఆ ముసలిదే దిక్కు. ఆ సాకెట్‌కు సరిపోయే ప్లగ్గు, నాలుగు రెసిస్టర్లు, చిప్పు కూర్చునే బేస్, చిన్న బోర్డు ముక్క, రెండు ఖాళీ చిప్పులు తెచ్చుకో. కరెంటుకు నీ ఫోన్ చార్జరు చాలు. దాని వైరు కోయాలి మరి. అన్నయ్యది కోయకు, నా మీద పడతాడు.

ప్లగ్గు బొమ్మ గీసి, ఏ పిన్నుకు ఏ రంగు వైరు అతకాలో రాశాను. రెసిస్టర్లు మాత్రం మానవద్దు. ఎక్కడైనా పొరపాటు పడినా కంప్యూటర్ కాలిపోకుండా అవే కాపాడతాయి. ఈ కవరులో పెట్టిన పెన్ డ్రైవ్ కంప్యూటర్‌లో తెరిస్తే రెండు గుర్తులు కనిపిస్తాయి. మొదటిది నొక్కితే ప్రోగ్రాం తయారవుతుంది, రెండోది నొక్కితే చిప్పులోకి ఎక్కుతుంది. సూదిలో దారం ఎక్కించే చేతికి సోల్డరింగ్ ఒక లెక్కా?

అమ్మకు నా కాలు బాగుందని చెప్పు. బాగాలేదని చెబితే పసరు కట్టు పట్టుకుని బస్సెక్కుతుంది.

మంచానికి అంకితమైన,
సుభాషిణి

*

హసన్‌పర్తి,
4 అక్టోబర్ 2025

సుభాషిణికి,

ముందు శుభవార్త. చేశాను. మట్టెవాడలో సమద్ భాయ్ దుకాణానికి పోయి నీ చీటీ చూపిస్తే ఆయన నన్నూ చీటీనీ మార్చి మార్చి చూశాడు. "ఎవలు జేస్తరమ్మా ఇది?" అన్నాడు. నేనే అన్నాను. సామాను కట్టి ఇస్తూ, "జర పైలం. తెల్ల పొగ వస్తే వైరు పీకెయ్యి, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ ధైర్యవచనం విన్నాక ఇంటి దాకా ఫికర్ తప్ప ఇంకేం లేదు.

నీ బొమ్మను కుట్టుమిషన్ బల్ల మీద పెట్టుకుని, బ్లౌజుకు కొలతలు గీసినప్పుడు ఎలా చూసుకుంటానో అలాగే ఒక్కొక్క వైరూ చూసుకుంటూ అతికాను. మొదట రెండు వేళ్లు కాలాయి. తర్వాత చెయ్యి కుదిరింది. టంకం చుక్క మిలమిలా మెరుస్తూ గట్టిపడుతుంటే భలే ముచ్చటేసింది. మీ అన్న తొంగిచూసి, "ఏం జేత్తానవ్ పద్మా, బ్లౌజు కుడుతానవా, బాంబు జేత్తానవా?" అన్నాడు.

ఈలోపు దసరా వచ్చింది. అత్తమ్మ ఆయుధపూజ రోజు కుట్టుమిషన్‌కు, పొదిగే పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. నా బోర్డును కూడా వదల్లేదు. "ఇది గూడ పనిముట్టే గద" అని నిండుగా పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, పువ్వు కూడా పెట్టింది.

ఇక చెడ్డ వార్త. పండగ మర్నాడు చిప్పు పెట్టి నువ్వు చెప్పినట్టే నొక్కాను. చిప్పు దొరకలేదని కంప్యూటర్ రాసింది. రెండో చిప్పు పెట్టినా అదే మాట. పొగ మాత్రం రాలేదు, సమద్ భాయ్ దయ.

సంఘం మీటింగులో గుడ్ల మాట వచ్చింది. దీపావళి అయ్యాక ఒక్కసారి ఇస్తామన్నారు. ఈసారి కూడా పాడైతే ఇంకెప్పుడూ అడగొద్దన్నారు. మీ అన్న కూడా అదే మాట పట్టుకున్నాడు. ఆ గుడ్లు పిల్లలైతే మిషన్ నాది, కాకపోతే పరకాల ఆయనది. ఏం తప్పు చేశానో చెప్పు.

కాలిన వేళ్లతో,
వదిన

*

తాడ్వాయి,
9 అక్టోబర్ 2025

వదినా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. పసుపా? తడి పసుపా? సర్క్యూట్ మీదా? పిన్నుకూ పిన్నుకూ మధ్య చీమ పట్టేంత సందు ఉంటుంది. అక్కడ తడి ముద్ద మెత్తితే కరెంటు ఒక దారిన పోవాల్సింది నాలుగు దారుల్లో పోతుంది. చిప్పు దొరకలేదంటే ఇంకెలా దొరుకుతుంది, పసుపులో మునిగిపోయాక?

అమ్మకు చెప్పు, పూజ దేవుడి గదిలో చేసుకోమను. సోల్డరింగ్ చేసిన వాటి జోలికి రావద్దను. చిన్నప్పుడు నా రేడియోకు కూడా ఇలాగే సాంబ్రాణి పొగ పట్టి పట్టి దాని గొంతు పోగొట్టింది.

పాత టూత్ బ్రష్‌తో పెట్రోలు అద్ది బోర్డంతా కడుగు. పొయ్యికి దూరంగా కడుగు. రోజంతా ఎండలో పెట్టు. నా బొమ్మలో తప్పేమీ లేదు, మూడుసార్లు సరిచూసుకున్నాను.

తొందరలో,
సుభాషిణి

*

హసన్‌పర్తి,
13 అక్టోబర్ 2025

సుభాషిణి గారికి,

గారు అన్నది కోపంతోనే. నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను మార్కెట్‌కు పోయాను. మీ అన్న దాన్ని అత్తమ్మకు గట్టిగా చదివి వినిపించాడు, సాంబ్రాణి పొగతో సహా. "నా చెయ్యి కరాబుదా? ఆ మిషన్ మంచిగ నడవాల్నని మొక్కి పెట్టిన పసుపు. నా బిడ్డే నన్ను గంత మాటన్నది" అని అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. నీకు పంపుదామని చేసిన సకినాలు డబ్బా మూత పెట్టి లోపల దాచింది. కాబట్టి ఈ ఉత్తరంతో నీకు సకినాలు రావు. అది నువ్వు తెచ్చుకున్నదే.

పోనీ పసుపు కడిగితే పని జరిగిందా? కడిగాను. ఎండబెట్టాను. బోర్డు కొత్త గిన్నెలా తళతళలాడుతున్నది. కంప్యూటర్ మాత్రం ఆ పాత పాటే పాడుతున్నది, చిప్పు దొరకలేదని.

తప్పు అత్తమ్మ పసుపుది కాదు, నా చేతిది కాదు. పదిహేనేళ్ల నుంచి గుడ్డ మీద గీతలు చూస్తున్నదాన్ని, నాకు బొమ్మ చూడటం రాదనుకున్నావా? ప్లగ్గును వెనక్కి తిప్పి, వైర్లు అతికే వైపు నా ముఖానికి పెట్టుకుని, నీ బొమ్మలో ఎడమన ఉన్నది ఎడమన, కుడిన ఉన్నది కుడిన అతికాను. ఏ టైలరైనా గుడ్డను ఉల్టా, అంటే లోపలి వైపు పైకి వేసే గీస్తుంది, ఉల్టా వైపు చూసే కుడుతుంది. ఇందులో నాకు తప్పు కనిపించడం లేదు. నీ బొమ్మే తప్పేమో ఒకసారి చూడు.

పరకాల ఆయన నిన్న వచ్చి పెట్టెను టేపు పెట్టి కొలిచి పోయాడు. మీ అన్న పక్కనే నిలబడి నేల చూపులు చూశాడు. ఆయన పోగానే పెట్టె మీద దుప్పటి కప్పేశాను.

పద్మలత

*

తాడ్వాయి,
16 అక్టోబర్ 2025

బంగారు వదినకు,

దొరికింది! ఉల్టా అన్న ఒక్క మాట చదవగానే మంచం మీద ఎగిరాను. పట్టీ కాలు గోడకు కొట్టుకుంది. నొప్పి కూడా తెలియలేదు.

నేను బొమ్మ గీసింది ప్లగ్గు ముఖం వైపు నుంచి, అంటే పిన్నులు మన కళ్లకు కనిపించే వైపు నుంచి. మాకు కాలేజీలో అలాగే నేర్పారు. అది సీదా వైపు బొమ్మ. నువ్వేమో గుడ్డ గీతల లెక్కన అది ఉల్టా వైపు బొమ్మే అనుకుని, వీపు వైపు అలాగే అతికావు. అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోయాయి. కుడి చేతి ముక్క ఎడమ చేతికి కుట్టిన బ్లౌజు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఏ వైపు నుంచి గీశానో బొమ్మ పక్కన ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. టైలరుకు బొమ్మ పంపుతున్నానన్న ఆలోచనే రాలేదు నాకు.

ప్లగ్గు వైపు వైర్లన్నీ విప్పి, బొమ్మను కిటికీ అద్దానికి ఆనించి కాగితం వెనక వైపు నుంచి చూస్తూ మళ్లీ అతుకు. బోర్డు వైపు ఏదీ ముట్టుకోకు. రెసిస్టర్లు వేశావు కాబట్టే ఇంతవరకు ఏదీ కాలలేదు.

అమ్మకు ఈ కింది నాలుగు ముక్కలు నువ్వే చదివి వినిపించు, అన్నయ్యకు ఇవ్వకు. అమ్మా, తప్పు నాది. నీ పసుపు ఏ పాపమూ చేయలేదు. రేడియో కూడా నేనే కింద పడేశాను, నీ సాంబ్రాణి మీదికి నెట్టాను. కోపం తగ్గితే సకినాలు పంపు, తగ్గకపోతే కూడా పంపు.

నోరు జారిన,
సుభాషిణి

*

హసన్‌పర్తి,
27 అక్టోబర్ 2025

ఓ పంతులమ్మా!

నడిచింది! నడిచిందే సుభాషిణీ! నీ ఉత్తరం అందిన పూటే కిటికీ దగ్గర నిలబడి వైర్లు మార్చాను. చిప్పు పెట్టి నొక్కాను. ఈసారి కంప్యూటర్ ఆ పాత పాట పాడలేదు. చిప్పు నంబరు చూపించింది. కింద గీత ఒకటి మెల్లగా నిండుతూ పోయి, చివరికి అంతా సరిగ్గా ఎక్కిందని రాసింది. నేను అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు గోడ మీదుగా చూశారు.

ఆ చిప్పును మిషన్ బోర్డులో పెట్టి స్విచ్చి వేస్తే బల్బులు వెలిగాయి, ఫ్యాను తిరిగింది, వేడి చాలినంత కాగానే బల్బులు వాటంతట అవే ఆరాయి. మీ అన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బల్బులు ఆరినప్పుడల్లా, "మల్ల వెలుగుతయా?" అని అడిగాడు. వెలిగాయి. వెలిగినప్పుడల్లా నా ముఖం చూశాడు. గుడ్లు లేకుండా నాలుగు రోజులు నడిపి, పశువుల దవాఖాన నుంచి తెచ్చిన థర్మామీటరుతో సరిచూశాను. ఎక్కడా తేడా రాలేదు.

ఇవాళ పొద్దున గుడ్లు పెట్టాం. అందరికంటే ముందు మల్లక్కే గంప పట్టుకుని వచ్చింది. ఆమెను చూసి మిగతావాళ్లు వచ్చారు. పరకాల ఆయనకు మీ అన్న ఫోన్ చేసి, ఈ గుడ్ల సంగతి తేలేదాకా ఆగమన్నాడు. వద్దని మాత్రం అనలేదు. నాకు అది గుచ్చుకుంటున్నది.

అత్తమ్మ నీ నాలుగు ముక్కలు రెండుసార్లు చదివించుకుంది. రేడియో సంగతి తనకు అప్పుడే తెలుసట. ఈసారి ప్లగ్గుకూ బోర్డుకూ దూరంగా, పెట్టె తలుపుకు పసుపు రాసింది. సకినాల డబ్బా బాబాయి చేతికిచ్చాను. సగమైనా నీ దాకా వస్తాయని ఆశ.

నేల మీద కాలు నిలవని,
నీ వదిన

*

తాడ్వాయి,
12 నవంబర్ 2025

వదినా,

సకినాలు అందాయి. అది తర్వాత. ముందు నన్ను చెప్పు తీసుకుని కొట్టు.

పట్టీ విప్పారు, మళ్లీ బడికి పోతున్నాను. ఇవాళ పిల్లలకు కోడిపిల్ల ఎలా ఎదుగుతుందో పాఠం చెబుతుంటే గుర్తొచ్చింది. ఆఖరి మూడు రోజులు గుడ్లను కదపకూడదు. లోపలి పిల్ల బయటికి రావడానికి ముక్కు తిప్పుకుని సిద్ధంగా ఉంటుంది. వేడి కూడా కాస్త తగ్గించాలి. నేను రాసిన ప్రోగ్రాంలో అవి రెండూ లేవు! అది ట్రేలను ఆఖరి రోజు దాకా వాలుస్తూనే ఉంటుంది. ఎల్లుండికి ఆపాలి.

మా బడి అటెండర్ రాయమల్లును గుట్ట ఎక్కించి ఫోన్ చేయించాను. నీది స్విచ్ఛాఫ్ అని వచ్చింది, అన్నయ్య ఎత్తలేదు. దిద్దిన ప్రోగ్రాం ఈ పెన్ డ్రైవ్‌లో పంపుతున్నాను. కానీ వెంకటయ్య బాబాయి సెలవులో ఉన్నాడు, ఈ కవరు ఎవరి చేతుల మీదుగా ఎప్పుడు అందుతుందో తెలియదు. సంఘం వాళ్ల ముందు నీ పరువు నా మతిమరుపు వల్ల పోతుందేమోనని అన్నం సహించడం లేదు.

దేవుడా, ఈ కవరు సమయానికి అందనీ.

సుభాషిణి

*

హసన్‌పర్తి,
19 నవంబర్ 2025

మంచం దిగిన ఆడబిడ్డకు,

నీ కవరు నిన్న సాయంత్రం అందింది. కోడిపిల్లలు మొన్ననే లేచాయి. ఇప్పుడు అన్నం తిను.

నా ఫోన్ ఎందుకు పలకలేదంటావా? చార్జరు కోయమన్నది ఎవరు? మీ అన్న చార్జరు ఖాళీగా ఉన్నప్పుడే నా ఫోన్‌కు ప్రాణం.

ఇక అసలు సంగతి. ఆఖరి రోజుల్లో గుడ్లు కదపకూడదని నాకు తెలియదా? పాత చిప్పు ఉన్నప్పుడు ఆ సమయానికి మిషన్ గంట కొట్టి ట్రేలు ఆపేది. నీ చిప్పు కూడా అంతేలే అనుకుని ధీమాగా ఉన్నాను. పద్దెనిమిదో రోజు గంట లేదు. ట్రే దర్జాగా అటు వాలింది. ట్రే మోటారు వైరు అయితే పీకేశాను. వేడి తగ్గించేదెలా? మిషన్‌కు బటన్ లేదు, నువ్వు ఎంత రాస్తే అంతే.

కంప్యూటర్ ముందు కూర్చుని నీ ప్రోగ్రాం తెరిచాను. అంతా ఇంగ్లీషు అక్షరాల అడవిలా ఉంది. మెల్లగా ఒక్కొక్క వరుసా చూస్తూ పోతే మన వేడి అంకె ఒకచోట కనిపించింది. చూడగానే గుర్తుపట్టాను, థర్మామీటరులో రోజూ చూసే అంకే కదా. దాని కింద ట్రే వాల్చే గంటల అంకె ఉంది. కొలత మారితే కుట్టు మొత్తం విప్పనక్కరలేదు కదా, ఆ అంకెల వరకే మార్చాను. మిషన్‌లో ఉన్న చిప్పును కదపలేదు. రెండో చిప్పును ప్రోగ్రామర్‌లో పెట్టాను. మొదటిసారి కంప్యూటర్ ఒప్పుకోలేదు, ఎక్కడో ఒక గుర్తు చెరిపేశానట. వెతికి పెట్టాను. మళ్లీ నొక్కాను. ఎక్కింది.

అప్పుడు మిషన్ ఆపి చిప్పు మార్చాలి. లోపల సంఘం వాళ్ల గుడ్లు. మీ అన్నను టార్చిలైటు పట్టుకోమన్నాను. ఆయన వెలుగు ఒకసారి చిప్పు మీద, ఒకసారి నా ముఖం మీద పడుతున్నది గానీ నేను చిప్పు మీది నుంచి కన్ను తిప్పలేదు సుభాషిణీ. పాతది తీసి, కొత్తది పెట్టి, స్విచ్చి వేశాను. వేడి మెల్లగా దిగి నేను రాసిన అంకె దగ్గర ఆగింది. నేను రాసిన అంకె దగ్గర! అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు, మీ అన్నకు చెప్పకు.

మొన్న పొద్దున పెట్టె లోపల కిచకిచలు వినిపించాయి. అద్దంలోంచి చూస్తే ఒక గుడ్డు పెంకు మీద బీట, దాంట్లోంచి చిన్న ముక్కు. మధ్యాహ్నానికి ట్రేల నిండా పిల్లలే. అక్కడక్కడ లేవని గుడ్లు ఉన్నాయి, ఏ కోడి కింద మాత్రం ఉండవు? సంఘం వాళ్లంతా వచ్చారు. గుడ్ల మీద పేర్లున్నాయి గానీ పిల్లల మీద లేవు కదా. నల్లవన్నీ తన కోడి పోలికలేనని మల్లక్క ఏరుకోబోతే పెద్ద గొడవైంది. అంత కమ్మని గొడవ నేనెప్పుడూ వినలేదు. పోయేటప్పుడు మల్లక్క నా బుగ్గలు నిమిరి, "మల్ల గుడ్లు ఎప్పుడు తేవాలె బిడ్డా?" అని అడిగింది.

అంతమంది ముందే మీ అన్న పరకాల ఆయనకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆ మిషన్ అమ్మేది లేదు. మీకు తెలిసినోళ్ల మిషన్ ఏదన్న కరాబైతే చెప్పున్రి, మా ఇంటామె బాగుజేస్తది" అన్నాడు. పరకాల ఆయనే చెప్పినట్టున్నాడు, పాలంపేట నుంచి ఒకామె ఇవాళ తన మిషన్ బోర్డు సంచిలో వేసుకుని వచ్చింది. దానికీ చిప్పే పోయింది. చాయ్ మాత్రం నేనే పోశాను.

నీ పెన్ డ్రైవ్ ఇదే కవరులో తిరిగి పంపుతున్నాను. నువ్వు దిద్దింది నేను తెరిచి కూడా చూడలేదు. దాని పక్కనే నేను దిద్దింది పెట్టాను. తీరిగ్గా చూసి నేర్చుకో.

ప్రేమతో,
నీ వదిన పద్మలత